మూడు మిషన్లు కలిసి ఒక రంపం

ఫైర్ స్టేషన్లో పనిచేసి రిటైరైన మనిషిని ఎవరైనా మొదట అడిగేది మంటల గురించే. "మీరు చూసినవాటిలో పెద్దది ఏది సార్?" అంటారు. చూశాను, లేదనను. గడ్డివాములు, జీడిపిక్కల గోదాములు, ఒకసారి ఏకంగా వీధికి వీధే. కానీ అవి ఎవరివో కష్టాలు. కాలిపోయిన ఇంటి గురించి ఎంత బాగా చెప్పినా వినేవాడికి ఆనందం ఉండదు, చెప్పేవాడికి అసలు ఉండదు. అందుకే ఉద్యోగంలో కొత్తగా చేరిన మీలాంటి కుర్రాళ్ళు అడిగితే నేను రంపం సంగతి చెబుతాను. అందులో మంట లేదు. పొగ మాత్రం కావలసినంత ఉంది.

శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న స్టేషన్లో నేను డ్రైవర్ ఆపరేటర్‌ని. బండి నడపాలి, పంపు నడపాలి, ఇంజనున్న ప్రతి వస్తువునీ బతికించి ఉంచాలి. మా దగ్గర చెట్లు కోసే మోటారు రంపాలు రెండు ఉండేవి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ వేరువేరు కంపెనీలవి కావడంతో ఒకదాని బోల్టు ఇంకోదానికి పట్టేది కాదు. మామూలు రోజుల్లో వాటితో పెద్ద పనుండదు. తుఫాను వస్తే మాత్రం మాకు నీళ్ళ బండి కన్నా అవే ముఖ్యం.

ఆ ఏడాది తుఫాను బాగా కొట్టింది. కొబ్బరి తోటలు, జీడి తోటలు, సరుగుడు తోటలు అన్నీ రోడ్ల మీదే పడుకున్నాయి. మా స్టేషన్లో రంపం పట్టడంలో మొనగాడు ఒక ఫైర్‌మన్ ఉండేవాడు. మెడ ఎక్కడ ముగుస్తుందో భుజం ఎక్కడ మొదలవుతుందో తెలియని భారీ మనిషి. కోసేటప్పుడు రంపంతో మాట్లాడేవాడు. "అదీ, అలగ ఎల్లు తల్లీ, తొందరేటి?" అని బుజ్జగించేవాడు. మేమంతా అతన్ని కోతగాడు అనేవాళ్ళం. పగలంతా కోసి, తిండి దొరికిన చోట తిని, రోడ్లు ఒక్కొక్కటే తెరుచుకుంటూ వచ్చాం. చివరి రోడ్డు తెరుచుకునేసరికి రంపాలు రెండూ పోయాయి. చిన్నదాని మీదకి కొబ్బరి మొద్దు దొర్లి దాని ఒళ్ళు పగిలింది. పెద్దదాంట్లో ఎవరో ఆయిల్ కలపని ఉత్త పెట్రోలు పోశారు. ఆ ఇంజనుకి పెట్రోల్లో కలిసిన ఆయిలే కందెన. అది లేకపోయేసరికి పిస్టన్ వేడెక్కి సిలిండరులో బిగుసుకుపోయింది. ఎవరు పోశారో నేటికీ తేలలేదు. కోతగాడు నా వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను, తర్వాత ఇద్దరం కలిసి ఆకాశం వైపు చూశాం.

అయినా రోడ్లు తెరుచుకున్నాయి కదా, ఇక కాస్త నడుం వాల్చవచ్చు అనుకున్నాం. మర్నాడు పొద్దున్నే ఒక పెద్దామె స్టేషన్లోకి వచ్చింది. పక్కనున్న మత్స్యకారుల పల్లెలో చేపల వ్యాపారం చేసే మనిషి. ఆ పల్లెలో మగాళ్ళు వేటకి వెళితే, వాళ్ళు తెచ్చింది ఎక్కడ అమ్మాలో, ఎంతకి అమ్మాలో నిర్ణయించేది ఆమే. మమ్మల్ని చూసి, "ఏటి బాబూ, ఊరందరి సెట్లూ కోసేరు, మా సెట్టు సెట్టు కాదేటి?" అంది.

ఆమె చెప్పిన సంగతి ఇది. తుఫాను వస్తుందని తెలిసి పల్లెవాళ్ళు పడవలన్నిటినీ సముద్రపు ఒడ్డు నుంచి తీసి గెడ్డలోకి, అంటే సముద్రంలో కలిసే వాగులోకి, తెచ్చి కట్టేసుకున్నారు. పడవలు దక్కాయి. కానీ గెడ్డ ఒడ్డునున్న పెద్ద నిద్రగన్నేరు చెట్టు వేళ్ళతో సహా లేచి గెడ్డకి అడ్డంగా పడింది. ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా తలుపు వేసినట్టు. పడవలన్నీ దానికి లోపల చిక్కుకున్నాయి. వరద నీళ్ళున్నంత కాలం గెడ్డ సముద్రంలో కలిసే మొగ తెరుచుకుని ఉంటుంది. నీళ్ళు తగ్గితే ఇసుక మేట వేసి మొగ మూసుకుపోతుంది. అప్పుడు మళ్ళీ వరద వచ్చేదాకా పడవలు లోపలే.

మా స్టేషన్ ఆఫీసరు సీమ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. మంచివాడు, పని నేర్చుకోవాలన్న ఆత్రం ఉన్నవాడు. మా భాష మాత్రం అతనికి ఇంకా పట్టుబడలేదు. ఆమె "గెడ్డ మూసుకుపోతాది బాబూ" అంటుంటే, అతను నా చెవి దగ్గరకి వచ్చి, "ఎవరి గడ్డమన్నా?" అని అడిగాడు. కోతగాడు బయటికి వెళ్ళి గోడకి చెయ్యి ఆనించుకుని నవ్వి వచ్చాడు.

అందరం వెళ్ళి చూశాం. మొద్దు నా ఛాతీ ఎత్తున ఉంది. సగం నీళ్ళలో మునిగి ఉంది. పల్లెవాళ్ళు గొడ్డళ్ళతో ప్రయత్నించారు. పడవలో నిలబడి గొడ్డలి ఎత్తితే పడవ వెనక్కి పోతోంది, దెబ్బ నీళ్ళలో పడుతోంది. ఒడ్డు మీంచి పడవల్ని ఈడ్చుదామంటే రెండు పక్కలా బురద, పడిపోయిన సరుగుడు తోట. క్రేను తెప్పిద్దామంటే కల్వర్టు కొట్టుకుపోయింది. మోటారు రంపం ఒక్కటే దారి. ఆఫీసరు జిల్లా కేంద్రానికి ఫోన్ చేశాడు. రంపాలన్నీ వేరే చోట్ల పనిలో ఉన్నాయి, కొత్తవి వస్తున్నాయి, వచ్చాక పంపిస్తాం అన్నారు.

"ఎప్పుడొస్తాదంట?" అందామె.

"రెండు మూడు రోజులు పట్టొచ్చమ్మా."

ఆమె గెడ్డ ఒడ్డున తడి గుర్తు వైపు వేలు చూపించింది. నిన్న నీళ్ళున్న చోటుకీ ఇవాళ్టి చోటుకీ మధ్య జానెడు బురద తేలి ఉంది. "ఆ మాట నాకు కాదు, దానికి సెప్పండి" అంది.

నేను పాడైన రంపాలు రెండూ గోనెసంచిలో వేసుకుని టౌన్లో లేతు మేస్త్రి దగ్గరికి బయలుదేరాను. అతనూ నేనూ చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అనుకునే స్నేహితులం, చుట్టరికం ఏమీ లేదు. గరివిడిలో ఫ్యాక్టరీ పని వదిలేసి వచ్చి సొంతంగా లేతు, అంటే ఇనుముని తిప్పుతూ చెక్కే మిషను, పెట్టుకున్నాడు. నేను సంచి నేల మీద దులపగానే, శవాల్ని చూసినట్టు చూశాడు.

"పెద్దదాని ఒళ్ళు బాగున్నాది. క్రాంకు బాగున్నాది. సిలిండరు, పిస్టన్ పోనాయి," అన్నాడు తిప్పి తిప్పి చూసి. "సిన్నదానికి సిలిండరు పగిలిపోనాది, కార్బురేటరు మాత్రం బతికున్నాది. రెండూ కలిపినా మనిషి లేవడు బావా. గుండికాయ గావాల."

"ఎక్కడ దొరుకుతుంది?"

అతను చేతులు తుడుచుకుని లేచాడు. తర్వాత షెడ్డు మూల నుంచి తన గడ్డి కోసే మిషను తీసుకొచ్చాడు. జీడి తోటలో గడ్డి కోసుకోవడానికి కొనుక్కున్నది. ఎంత ముద్దుగా చూసుకునేవాడంటే దానికి గుడ్డ కప్పి ఉంచేవాడు. ఆ గుడ్డ కూడా పొందూరు ఖద్దరు కండువా.

"మా ఆవిడకి సెప్పకు," అని స్పేనర్ అందుకున్నాడు.

ఇంజన్లు తెలియనివాళ్ళకి ఒక మాటలో చెబుతాను. గడ్డి మిషను సిలిండరు రంపం ఒంటి మీద కూర్చోదు, బోల్టుల చోట్లు వేరు. అందుకని రెండిటికీ మధ్య ఒక పలక కావాలి. ఆ పలక పల్చనైతే పిస్టన్ పైకి వెళ్ళి సిలిండరు నెత్తికి కొట్టుకుంటుంది. మందమైతే ఇంజనుకి బలం చాలదు. ఇక పిస్టన్‌ని పట్టుకునే పిన్ను సన్నం, దాన్ని మోసే రాడ్డు కన్నం పెద్దది. మధ్యలో ఒక గన్‌మెటల్ బుష్, అంటే చిన్న కంచు గొట్టం, లేతు మీద తిప్పి దిగగొట్టాలి. చిన్న రంపం కార్బురేటరుని ఈ కొత్త సిలిండరుకి ఏదో ఒక రబ్బరు గొట్టంతో కలపాలి. మూడిళ్ళ మనుషుల్ని తెచ్చి ఒక ఇంట్లో కాపురం పెట్టించడం లాంటి పని.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, టౌన్లో కరెంటు లేదు. లేతు తిరగాలంటే కరెంటు కావాలి. మేమిద్దరం లేతు వైపు చూస్తూ నిలబడి ఉంటే, ఎదురుగా చెరుకు రసం బండి కనిపించింది. దాని మీద చిన్న డీజిలింజను. తుఫాను తర్వాత చెరుకూ లేదు, తాగేవాళ్ళూ లేరు. బండాయన ఖాళీగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మేస్త్రి వెళ్ళి ఏం చెప్పాడో గానీ, ఆయన ఉత్సాహంగా బండిని తోసుకుంటూ వచ్చేశాడు. లేతు మోటారు బెల్టు తీసి ఆ ఇంజనుకి తగిలించాం. బెల్టు పొట్టిదైంది. బండిని గోడ దగ్గరకి జరిపి, చక్రాలకి ఇటుకలు పెట్టాం. డుబుడుబుమంటూ లేతు తిరిగింది. ఇంజను శబ్దం విని వీధిలోంచి ఇద్దరు ముగ్గురు వచ్చి, రసం ఉందా అని అడిగి వెళ్ళారు.

పాత ఆటో ఇంజను కవరు ముక్కలోంచి పలక తయారైంది. లోపల టంకం పెట్టే మెత్తని తీగ ముక్క పెట్టి ఇంజను చేత్తో తిప్పి, తీగ ఎంత నలిగిందో చూశాం. బొత్తిగా నలగలేదు, పలక మందంగా ఉంది. విప్పి, పలక అరగదీసి, మళ్ళీ బిగించాం. మళ్ళీ తీగ. మళ్ళీ విప్పడం. ఈలోగా ఆ పెద్దామె పల్లె నుంచి నడిచి వచ్చేసి మేస్త్రి బల్ల మీద కూర్చుంది. వంటా వార్పూ ఎవరికో అప్పజెప్పి వచ్చానంది. స్టార్టరు తాడు తెగిపోయి ఉందని చూసి, నడుంలో దోపుకున్న వల తాడు తీసి ఇచ్చింది.

"ఇది తెగితే నన్నడగండి" అంది.

మధ్యాహ్నానికి వస్తువు తయారైంది. చూడడానికి అందం ఏమీ లేదు. నారింజ రంగు ఒంటి మీద ఎర్ర సిలిండరు, పక్కన నల్ల కార్బురేటరు, సైలెన్సరు లేదు. ఆఫీసరు, కోతగాడు కూడా వచ్చారు. అందరం చుట్టూ నిలబడ్డాం. నేను నేల మీద పెట్టి, కాలుతో అదిమి తాడు లాగాను. రెండుసార్లు దగ్గింది. మూడోసారి అంటుకుంది.

అంటుకోవడమంటే మామూలుగా కాదు. అరిచింది. ఆక్సిలేటరు నేను ముట్టుకోలేదు, అయినా స్పీడు పెరిగిపోతోంది. ఆపే స్విచ్ నొక్కితే ఆగలేదు, ఆ వైరు కలపడం మర్చిపోయాం. రంపం నేల మీద దానంతటది తిరుగుతూ మేస్త్రి వైపు బయలుదేరింది. మేస్త్రి బల్ల ఎక్కాడు. చెరుకు రసం ఆయన తన బండి వెనక్కి వెళ్ళాడు. కోతగాడు రంపంతో బుజ్జగింపుగా ఏదో అంటూనే వెనక్కి వెనక్కి నడిచాడు. పెద్దామె మాత్రం బల్ల మీద నుంచి కదలలేదు. చివరికి నేనే పొందూరు కండువాని ఉండ చుట్టి గాలి లోపలికి పోయే మూతికి అదిమాను. ఊపిరాడక ఆగింది.

ఆగిన ఇంజను వేడికి టిక్ టిక్‌మంటోంది. నాకు చాలా నీరసం వచ్చింది. పొద్దుట్నుంచి పడ్డ కష్టం ఇలా పిచ్చెత్తిపోయిందేమిటా అని.

అప్పుడు ఆఫీసరు గొంతుక్కూర్చున్నాడు. "అన్నా, ఎక్కడో గాలి పీలుస్తాంది ఇది. పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువై ఎగురుతాంది. సబ్బు నీళ్ళున్నాయా?" అన్నాడు. సబ్బు నీళ్ళు తెచ్చాం. అతను కార్బురేటరు మూతి, పొగ మూతి రెండూ రబ్బరు ముక్కలతో మూయించి, ప్లగ్గు తీసిన కన్నంలోంచి సైకిలు పంపుతో మెల్లగా గాలి కొట్టమన్నాడు. అతుకులన్నిటి మీదా నురగ పూశాడు. పలక కింద ఒక మూల నుంచి బుడగలు వరసగా లేచాయి. అతని మొహం వెలిగిపోయింది.

"మా నాయనది పంక్చరు షాపన్నా" అన్నాడు.

ఆ క్షణం నుంచి అతను మాకు ఆఫీసరూ, మనవాడూ కూడా అయ్యాడు. మేస్త్రి పలక అడుగు గాజు పలక మీద గీకి సమం చేశాడు. గాస్కెట్ కొత్తది కత్తిరించి, చుట్టూ గమ్ము రాసి బిగించాం. స్విచ్ వైరు కలిపాం. ఈసారి అంటుకుని, మాట వినే గొడ్డులా నిలబడి గుర్‌మంది. ఆక్సిలేటరు నొక్కితే లేచింది, వదిలితే దిగింది. కోతగాడు షెడ్డు బయట పడి ఉన్న కొబ్బరి మొద్దు మీద పెట్టాడు. వెన్నలోకి దిగినట్టు దిగింది. మేస్త్రి నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. ఇద్దరి చొక్కాలూ నాశనమయ్యాయి.

ఇక అసలు ప్రశ్న వచ్చింది. ఇలా అతికించిన రంపాన్ని నీళ్ళ మీద, పడవలో నిలబెట్టి వాడొచ్చా? ఏదైనా జరిగితే జవాబు చెప్పవలసింది ఆఫీసరే. అతను కోతగాడిని అడిగాడు, "నీకు భయమేస్తే చెప్పన్నా, ఎవరం ఏమీ అనుకోం."

"భయమేటి సార్. నాను కొయ్యకపోతే దీనికి కోపమొస్తాది" అన్నాడు కోతగాడు.

"అయితే ఆ పడవలో నేనూ ఉంటా" అన్నాడు ఆఫీసరు. అతనికి ఈత అంతంత మాత్రమే అని మాకు తెలుసు. లైఫ్ జాకెట్ ఒకటికి రెండుసార్లు బిగించి చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున గెడ్డ ఇంకా తగ్గింది. మొగ దగ్గర ఇసుక వీపు తేలడం కనిపిస్తోంది. పల్లెకి పల్లే ఒడ్డు మీద ఉంది. రెండు పడవల్ని పక్కపక్కన కలిపి కట్టి, వాటి మీద పలకలు వేశారు. రెండు ఒడ్ల నుంచీ మగాళ్ళు తాళ్ళు పట్టి పడవల్ని కదలకుండా బిగించారు. కోతగాడు, నేను, ఆఫీసరు ఎక్కాం. మేస్త్రి తన పని ఒడ్డు మీదే అన్నాడు. నీళ్ళంటే అతనికి పడదు.

రంపం మొద్దులోకి దిగింది. సైలెన్సరు లేదు కదా, ఆ మోతకి కొంగలన్నీ లేచిపోయాయి. కొంతసేపు కోయడం, కొంతసేపు ఆపి చల్లారనివ్వడం. కోత లోతుకి వెళ్ళేకొద్దీ మొద్దు బరువుకి సందు మూసుకుని రంపాన్ని పట్టేస్తోంది. పల్లెవాళ్ళు తెడ్ల పిడులు చెక్కి మేకుల్లా తయారు చేసి అందించారు. వాటిని సందులో దిగగొట్టి ముందుకి వెళ్ళాం. మొద్దులో సగం దాటాక ఇంజను మళ్ళీ గొంతు మార్చింది. చూస్తే కార్బురేటరు రబ్బరు గొట్టం అదురుకి జారిపోతోంది. ఆపి బిగిద్దామంటే, మొద్దు అప్పటికే కిర్రుమంటోంది. ఇప్పుడు రంపం బయటికి తీస్తే మళ్ళీ ఆ సందులోకి దూరదు.

"ఆపమంటారా?" అని అరిచాడు కోతగాడు.

"ఆపకు!" అని నేను తడిగుడ్డ చుట్టుకుని చేత్తో గొట్టాన్ని సిలిండరుకి అదిమి పట్టాను. గుడ్డ ఆరిపోతుంటే ఆఫీసరు దోసిట్లో నీళ్ళు తీసి నా చేతి మీద పోస్తున్నాడు. ముగ్గురం ఒకరి మీద ఒకరం వాలి, ఒకే మనిషిలా ఉన్నాం. కోతగాడు మాట్లాడుతూనే ఉన్నాడు. "మా తల్లివి కదేటీ, ఇంకొంచిమే, ఇంకొంచిమే ఉన్నాది..."

ఫటేల్‌మని మొద్దు విరిగింది. ఒడ్డు మీద కేకలు. ఆ విరిగిన ముక్క నీళ్ళలోకి దిగి, తలుపు తెరుచుకున్నట్టు మెల్లగా పక్కకి తిరిగింది. ఇంతసేపూ దాని వెనక ఆగి ఉన్న చెత్తా, నీళ్ళూ ఒక్కసారిగా తోసుకొచ్చాయి. మా పడవలు ఇంత ఎత్తు లేచి పడ్డాయి. కోతగాడు రంపాన్ని పసిపిల్లని ఎత్తినట్టు తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. ఆఫీసరు నా నడుం పట్టుకున్నాడు, నేను కోతగాడి బెల్టు పట్టుకున్నాను. ఒడ్డు మీద జనం తాళ్ళు వదల్లేదు.

తర్వాత పడవలు ఒక్కొక్కటే ఆ సందులోంచి బయటికి వచ్చాయి. మొదటి పడవ మొగలో ఇసుకకి రాసుకుని ఆగింది. కుర్రాళ్ళు నీళ్ళలోకి దూకి భుజాలతో తోశారు. కదిలింది. అల మీదకి ఎక్కింది. మిగతావి దాని వెనకే. పల్లెలో ఆడవాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటూ, ఎవరి పడవ దాటితే వాళ్ళ పేరు అరుస్తూ ఒడ్డు వెంట పరుగెత్తారు. నిన్నటి నుంచీ మమ్మల్ని తిట్టి పని చేయించిన పెద్దామె ఇసుకలో చతికిలపడి, రెండు చేతులూ వెనక్కి ఆనించుకుని నవ్వుతోంది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. నేను దగ్గరికి వెళితే, "సూడు తమ్ముడా, సివరిదీ దాటిపోనాది" అంది. బాబూ అనే మనిషి తమ్ముడా అంది. నేను "అవునప్పా" అన్నాను. మా వైపు అప్ప అంటే అక్క.

ఆ మర్నాడు పల్లె నుంచి బుట్ట నిండా చేపలొచ్చాయి. వాటితో పాటు సగం పల్లె కూడా వచ్చింది. ఆ మిషను మోత ఇంకోసారి వినాలని వాళ్ళ కోరిక. మేస్త్రి కూడా భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. గడ్డి మిషను సంగతి ఆమెకి అప్పటికే తెలిసిపోయినట్టుంది, అతను ఆమెకి కాస్త దూరంగా నిలబడ్డాడు. కోతగాడు రంపాన్ని తుడిచి, మధ్యలో పెట్టి, అందరి వైపూ ఒకసారి చూసి తాడు లాగాడు.

ఉలకలేదు. మళ్ళీ లాగాడు. లోపల ఏదో గలగలమంది.

అక్కడే విప్పాం. పిస్టన్ రింగు రెండు ముక్కలైంది. గన్‌మెటల్ బుష్ అరిగి రేకులా అయిపోయింది. మేస్త్రి దాన్ని వేలి మీద పెట్టుకుని వెలుతురులో చూశాడు. ఆ బుష్ ఇంకో నిమిషం కూడా మోసేది కాదు. మొద్దు విరిగే దాకా ఎలా ఆగిందో మా ఇద్దరికీ అర్థం కాలేదు. జనం చిన్నబుచ్చుకున్నారు గానీ, మేం ఇద్దరం ఒకరినొకరం చూసుకుని పగలబడి నవ్వాం. ఎందుకు నవ్వామో ఇప్పటికీ చెప్పలేను.

సరిగ్గా అప్పుడే జిల్లా కేంద్రం నుంచి జీపు వచ్చి, మా ముందు ఒక అట్టపెట్టె దించింది. కొత్త రంపం. లోపల నిగనిగలాడే కాగితాలు, స్పేర్ ప్లగ్గు, సర్వీసు కూపన్లు అన్నీ ఉన్నాయని డ్రైవరు చెప్పాడు. అందరం ఆఫీసరు వైపు చూశాం. అతను సంతకం పెట్టి పెట్టె తీసుకున్నాడు. వరండాలో ఒక పక్కన పెట్టాడు. చేతి గడియారం విప్పి జేబులో వేసుకుని, చొక్కా చేతులు మడిచి, విప్పిన ముక్కల పక్కన మా మధ్య గొంతుక్కూర్చున్నాడు.

"ఈసారి బుష్ కొంచెం పొడుగు తిప్పుదామన్నా, బరువు పంచుకుంటాది" అన్నాడు.

మేస్త్రి స్పేనర్ల సంచి విప్పాడు. వెనక పల్లె ఆడవాళ్ళు చేపలు కడిగే పనిలో పడ్డారు. వరండాలో ఆ పెట్టెని సాయంత్రం దాకా ఎవరూ విప్పలేదు.